పాత ఇంటి చీపురు

మా నరసింగరావు గారికి కంప్యూటరంటే ఎంత నమ్మకమో పంచాంగమన్నా అంతే నమ్మకం. ఆ రెండూ ఒకేరోజు కలిస్తే నాకు తలనొప్పి. విజయనగరంలో కోట వెనక సందులో, మేడ మీద రెండు గదుల్లో ఆయన కంపెనీ. సర్వర్ల పని చూసేది నేనొక్కదాన్నే. ఏ తీగ ఊడినా, ఏ తెర నల్లబడినా "అనూరాధమ్మా!" అని పక్క గదిలోంచి కేక వస్తుంది. దానికి ముందు ఆయన ఏదో ఒకటి ముట్టుకునే ఉంటారు.

2016లో మా పాత సర్వరుకి కాలం చెల్లింది. సర్వరంటే ఇనప పెట్టె ఒకటే గానీ, లోపల మూడు కంప్యూటర్లు వేరువేరు కాపురాలు ఉండేవి. వర్చువల్ మెషిన్లు అంటాం వాటిని. ప్రతిదీ ఆ ఇంట్లో తానొక్కతే ఉన్నాననుకుంటుంది. ఎవరి వాటా వాళ్ళకి పంచి, ఒకరి సామాను ఇంకొకరు ముట్టుకోకుండా చూసే సాఫ్ట్‌వేరుని ప్లాట్‌ఫామ్ అంటాం. ఆ పాత ప్లాట్‌ఫామ్ వాళ్ళు మీ వెర్షన్ సంగతి ఇక మాకు తెలీదు పొమ్మన్నారు. కొత్త పెట్టె కొని, అందులో వేరే ప్లాట్‌ఫామ్ ఎక్కించి, ఈ ముగ్గురినీ జాగ్రత్తగా అందులోకి చేర్చాలి.

ఇదంతా నేను నరసింగరావు గారికి బొమ్మలు గీసి మరీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అంటే ఇల్లు మారడమన్నమాట" అన్నారు.

"అంతే సార్."

"మరి ఆషాఢంలో ఇల్లు మారతారా ఎవరైనా?"

శ్రావణం దాకా ఆగాం. రాజాంలో ఒక కాలేజీ హాజరు లెక్క చూసే మెషిను, ధాన్యం మిల్లువాళ్ళ లెక్కల మెషిను మొదటి వారంలోనే కిమ్మనకుండా కొత్తింట్లో చేరాయి. మిగిలింది సముద్రం ఫోను. నా భయమంతా దాని గురించే.

సముద్రం ఫోను అని పేరు పెట్టింది మేం కాదు, శ్రీకూర్మం దాటాక ఒడ్డునున్న పేటలో వాళ్ళు. హుద్‌హుద్ తుఫాను తర్వాత మొదలైంది ఆ పని. వాతావరణం ఆఫీసు నుంచి పొద్దున్నే మాకు సమాచారం వస్తుంది. అలలు ఇన్ని మీటర్లు, గాలి ఇన్ని కిలోమీటర్లు అని అందులో ఉంటుంది. సముద్రం బాగోని రోజున నేను ఆ సంగతి లక్ష్మణమ్మకి ఫోన్ చేసి చెబుతాను. లక్ష్మణమ్మ ఆ పేటలోనే పుట్టి, ఆ పేటలోనే పెళ్ళాడి, గంపెత్తుకుని చేపలమ్మే మనిషి. ఆవిడ తన మాటల్లో చెప్పి రికార్డు చేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఆ గొంతు పేటలో పేరు రాయించుకున్న ప్రతి ఫోనుకీ వెళుతుంది. మూడయ్యేసరికి రాత్రి వేటకి తెప్పలు దించుతారు కాబట్టి ఆ టైము పెట్టాం.

లక్ష్మణమ్మ చెప్పే తీరే వేరు. "అలల ఎత్తు మూడు మీటర్లక్కా" అని నేనంటే, "మీటర్లు ఎవులికి కావాల అమ్మలూ" అని విసుక్కుని, "రెండయింది. నాను లక్ష్మణమ్మని. తెప్ప మీద నిలబడ్డ మగోడు కానరాకుండా పోయేటంత కెరటం లెగుస్తాది. ఎవులూ దించకండి" అని రికార్డు చేసేది. ఎప్పుడు రికార్డు చేసినా ఆ "రెండయింది"తోనే మొదలు.

మొదట్లో పేటలో నవ్వారు. ఎల్లాజీ అయితే అందరికంటే ఎక్కువ నవ్వాడు. అతను లక్ష్మణమ్మ మొగుడు. నా పెళ్ళాం నాకు సముద్రం నేర్పుతాదా అని చాలాకాలం పేరే రాయించుకోలేదు. ఒకసారి నిశ్చలంగా ఉన్న సముద్రం, ఫోనులో చెప్పినట్టే, సాయంత్రానికి తిరగబడేసరికి, ఎవరికీ చెప్పకుండా వచ్చి రాయించుకున్నాడు. అలా జాబితాలో అందరికంటే చివరి నెంబరు అతనిది.

అయితే ఆ పేటలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. ఫోను వస్తే సముద్రం బాగోలేదు, రాకపోతే బాగుంది. ఒకటి రెండుసార్లు పొద్దున హెచ్చరిక వచ్చి, మధ్యాహ్నానికల్లా ఆఫీసువాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఆ రోజుల్లో లక్ష్మణమ్మ రికార్డు చేసినా మేం పంపలేదు. దాంతో వాళ్ళ లెక్క ఇంకా గట్టిపడింది. లక్ష్మణమ్మ పొద్దున ఏం చెప్పిందన్నది కాదు, రెండింటికి ఫోను మోగిందా లేదా అన్నదే ఆ పేటకి ముఖ్యం. ఒక్కరోజు మా మెషిను తప్పు చేస్తే తెప్పలన్నీ కెరటాల్లో ఉంటాయి. అందుకే ఆ మెషినుని చివరికి ఉంచాను.

ముహూర్తం పొద్దున తొమ్మిది దాటాక పెట్టారు నరసింగరావు గారు. నేను వెళ్ళేసరికి ఆయన పట్టు పంచె కట్టుకుని ఉన్నారు. కాఫీ పెట్టుకునే స్టవ్ మీద పాలు పొంగిస్తున్నారు. పాలు పొంగాయి, స్టవ్ ఆరిపోయింది, పొంగింది కదా అదే చాలు అన్నారు. సర్వరు గదిలో కొబ్బరికాయ కొడతానంటే మాత్రం నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. నీళ్ళు చిందితే మీరూ నేనూ కలిసి రోడ్డున పడతాం సార్, మెట్ల మీద కొట్టుకోండి అన్నాను. మెట్ల మీదే కొట్టారు.

నేను పని మొదలుపెట్టాను. పాత ప్లాట్‌ఫామ్ తన దగ్గరున్న ప్రతి మెషిను లోపలా ఒక సహాయకుణ్ణి పెడుతుంది. చిన్న సాఫ్ట్‌వేరు అది, ఇంటి చాకిరీ చేస్తుంటుంది. కొత్త చోట దానికి పని ఉండదు, పైగా అడ్డం పడుతుంది. బయల్దేరే ముందు దాన్ని తీసేయాలని ఎక్కడ చదివినా రాసే ఉంటుంది. ఆ మాటే ఆయనకి చెప్పాను.

"పాత ఇంటి చీపురన్నమాట" అన్నారాయన సంతోషంగా. "చీపురు కొత్తింటికి తేకూడదమ్మా, దరిద్రం. అక్కడే పారేసి రా."

సరే, చీపురు పారేశాను. మెషినుని ఆపి, డిస్కు కాపీ చేసి, కొత్త ప్లాట్‌ఫామ్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చి లేపాను. మొదట నెట్‌వర్కు కనబడలేదంది, దాన్ని సర్దాను. తర్వాత లేవలేనని నీలం తెర చూపించింది, డిస్కు డ్రైవరు మార్చాను. చివరికి చక్కగా లేచి కూర్చుంది. లక్ష్మణమ్మ పాత రికార్డులన్నీ ఉన్నాయి. జాబితాలో నెంబర్లన్నీ ఉన్నాయి. నరసింగరావు గారి ఫోనుకి ఒక పరీక్ష కాల్ పంపితే వెంటనే మోగింది. ఆయన ఆ గొంతు విని, "అమ్మయ్య, లక్ష్మణమ్మ కొత్తింట్లో కుడికాలు పెట్టింది" అన్నారు. వెంటనే పసుపు గిన్నె తెచ్చి, గుమ్మానికి రాసినట్టు నా మానిటర్‌కి నాలుగు మూలలా దట్టంగా పసుపు పూసి, ఆ పసుపు మధ్యలో కుంకుమ బొట్లు పెట్టారు. తెర మీద పెట్టకండి సార్, అంచు మీద పెట్టండి అంటున్నాను. అంచు సన్నంగా ఉందమ్మా, నిలవదు అన్నారు. నాకు అప్పటికే ఓపిక అయిపోయింది.

ఆ పొద్దునే వాతావరణం ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది. సాయంత్రం నుంచి పెద్ద కెరటాలు. లక్ష్మణమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కొత్తింటికి మారిన మెషిన్లో మొదటి కబురు అదే. ఆవిడ ఎప్పటిలాగే మీటర్ల మీద విసుక్కుని రికార్డు చేసింది. రెండింటికి పంపమని మెషినుకి అప్పజెప్పి, నేను గృహప్రవేశం పులిహోర తింటూ కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది.

రెండున్నర దాటాక లక్ష్మణమ్మ నుంచి ఫోను. వెనక సముద్రం హోరు, మగవాళ్ళ అరుపులు.

"అమ్మలూ, ఎనక్కి తీసుకున్నారేటి?"

"ఏంటక్కా?"

"పొద్దున సెప్పిన మాటే. ఫోను రానేదు. నాకూ రానేదు, ఎవులికీ రానేదు. సముద్రం మంచిగైపోనాదని ఈల్లు తెప్పలు దించేత్తన్నారు."

పులిహోర చెయ్యి అలాగే ఉండగా మెషిను ముందు కూలబడ్డాను. తెర మీద లక్ష్మణమ్మ కబురు పద్ధతిగా వరసలో కూర్చుని ఉంది. 'సమయం కోసం వేచి ఉంది' అని పక్కన రాసి ఉంది. గోడ గడియారం మూడుకి దగ్గరపడుతోంది. ఇంకా దేనికి వేచి ఉండటం దీని మొహం! మెషిను గడియారం చూద్దామని తెర కింద కుడి మూలకి చూపు తిప్పాను. అక్కడ పసుపు, కుంకుమ.

చున్నీతో ఒక్క తుడుపు తుడిచాను. పొద్దున తొమ్మిది దాటిందని చూపిస్తోంది.

"అయ్యో, బొట్టు చెరిపేశావేంటమ్మా!" అంటూ వచ్చారు నరసింగరావు గారు.

"మీ బొట్టు కింద ఇంకా పొద్దున తొమ్మిదే సార్!" అని అరిచాను. ఆయన మీద నేను అరవడం అదే మొదలు. ఆయన బిత్తరపోయి పసుపు గిన్నె వెనక దాచుకున్నారు.

అప్పటికి నాకు అర్థమైంది. కొత్త ప్లాట్‌ఫామ్ తన ఇంట్లో వాళ్ళందరికీ లండన్ దగ్గరి గ్రీన్‌విచ్ టైము చెబుతుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. ఇది మన దేశం అని మనమే విడిగా దానికి చెప్పాలి. పాత ఇంట్లో అయితే గడియారం ఎప్పటికప్పుడు సరిచేసే చాకిరీ ఆ సహాయకుడే చేసేవాడు. వాణ్ణే చీపురని పారేశాం. ముందు మారిన రెండు మెషిన్లకీ తేదీ ఉంటే చాలు, గంటతో పని లేదు, అందుకే అప్పుడు బయటపడలేదు. రెండైతే పంపుదామని మెషిను నమ్మకంగా కూర్చుంది. దాని రెండు వచ్చేసరికి మనకి రాత్రవుతుంది.

"అక్కా, వెనక్కి తీసుకోలేదు. సముద్రం బాగోదు. మా మెషినుదే తప్పు. అందర్నీ ఆపు!"

లక్ష్మణమ్మ ఫోను చేతిలో పట్టుకునే పరిగెత్తింది. ఆవిడ కేకలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. "ఒరే, దించకండిరా! పెద్ద కెరటం వస్తాది!" ఎవరో నవ్వుతూ అంటున్నారు: "ఫోనులో రానేదు గదా వదినా!"

"నానే గదరా ఫోనులో సెప్పీది! ఇక్కడ నిలబడి సెప్తన్నాను!"

"ఫోనులో సెప్తే ఇంటాం!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అదే మనిషి, అదే గొంతు. ఎదురుగా నిలబడి చెబితే ఇంట్లో ఆడది అరిచినట్టు, ఫోనులో చెబితే సముద్రమే చెప్పినట్టు.

"ఎల్లాజీ ఎక్కడక్కా?" అన్నాను.

"దించేసినాడు" అంది. అంతవరకు అరిచిన గొంతు చటుక్కున చిన్నదైపోయింది. "మొదటి తెప్ప ఆయన్దే. ఇందాకే ఫోన్ సేసినాను. నా నంబరు సూసి కట్ సేసినాడు."

గడియారం సరిచేయబోయి ఆగాను. గడియారాన్ని అసలు టైముకి తిప్పితే, రెండు ఎప్పుడో దాటిపోయిందనుకుని మెషిను ఈ కబురు రేపటికి వాయిదా వేస్తుంది. అందరికీ అప్పటికప్పుడు పంపే మీట దానికి లేదు. ఆ ప్రోగ్రాము రాసినవాడు అలాగే రాసి వెళ్ళిపోయాడు. దానికి రెండు కొట్టాల్సిందే. కాబట్టి దానితో అబద్ధమాడాను. రెండుకి ఒక్క నిమిషం తక్కువ అని గడియారం తిప్పాను.

ఆ నిమిషం ఎంతకీ గడవలేదు. నరసింగరావు గారు నా వెనక నిలబడి ఏదో స్తోత్రం గొణుగుతున్నారు. నేనూ మనసులో దణ్ణం పెట్టాను, అబద్ధమెందుకు.

మెషినుకి రెండైంది.

లక్ష్మణమ్మ ఫోనులోంచే విన్నాను. ఒడ్డున ఎక్కడో ఒక ఫోను మోగింది. దాని పక్కన ఇంకొకటి. తర్వాత ఏదో సినిమా పాట, దాని మీద కోడి కూత, ఎవరి చంటిపాపదో నవ్వు. ఒకదాని వెంట ఒకటి పేటంతా మోగింది. లక్ష్మణమ్మ లైను నాతో ఉంది కాబట్టి ఆవిడకి తప్ప అందరికీ వెళుతోంది. ఎవరో స్పీకరు పెట్టారు. "రెండయింది. నాను లక్ష్మణమ్మని..." మూడు కావస్తుండగా ఆవిడ గొంతు రెండయిందని చెబుతుంటే ఒక్కడూ నవ్వలేదు. "లాగండ్రా, ఎనక్కి లాగండి" అన్న కేకలు మొదలయ్యాయి.

"అందరూ ఆగినారమ్మలూ" అంది లక్ష్మణమ్మ. "మా మావకి రానేదు."

"వస్తుందక్కా. పేర్లు రాయించుకున్న వరసలో వెళతాయి. ఆయనది చివరిది."

"తెప్ప కెరటం దాటేత్తన్నాది."

కెరటాలు విరిగే చోటు దాటితే కాసేపటికి సిగ్నలు పోతుంది. తెర మీద నెంబర్ల వరస కిందికి జరుగుతోంది. గబగబా పోవే తల్లీ అని మెషినుని బతిమాలాను, తిట్టాను కూడా. చివరి నెంబరు దగ్గర 'మోగుతోంది' అని పడింది. మోగుతూనే ఉంది.

"ఆగినాడు" అంది లక్ష్మణమ్మ. "నిలబడ్డాడు. కవరులోంచి ఫోను తీత్తన్నాడు. సెవి కాడ ఎట్టుకున్నాడు."

నా తెర మీద 'మోగుతోంది' పోయి 'ఎత్తారు' అని పడింది.

"తిప్పుతన్నాడు! అమ్మలూ, తెప్ప తిప్పుతన్నాడు!"

నేను బల్ల మీద తలపెట్టి ఏడ్చేశాను. భయం తీరిన ఏడుపు అది. నరసింగరావు గారు నా తల మీద చెయ్యి వేసి, ఆ చేతి పసుపు నా జుట్టుకంతా పూశారు. ఏమీ అనబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం కెరటాలు వలలు ఆరేసే చోటు దాకా వచ్చాయట. తెప్పలన్నీ అంతకంటే పైన, ఇళ్ళ దగ్గర ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే నేనూ నరసింగరావు గారూ పేటకి వెళ్ళాం. తిట్లు తినడానికే వెళ్ళాం. ఎల్లాజీ ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పక్కనే లక్ష్మణమ్మ గంప సర్దుకుంటోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇల్లు మారడం, చీపురు, లండన్ టైము, బొట్టు, అన్నీ. ఎల్లాజీ తలెత్తకుండా విన్నాడు.

"ఇప్పుడు టైము సరిగున్నాదా?" అన్నాడు.

"సరిచేశాను. మళ్ళీ తప్పదు."

"మల్లీ ఇంకోటి తప్పుతాది" అన్నాడు శాంతంగా. "మిసను గదా. కరెంటు పోతాది, టవరు పోతాది. ఫోను రాకపోతే మంచిదే అనుకోడం మా తప్పు. ఇకనుంచి మంచిరోజు గూడా ఫోను రావాల. మంచిగున్నాదని ఆ మాట సెప్పాల. రాకపోతే తెప్ప దించం."

రాత్రంతా నేను ఆలోచించింది గడియారం గురించే. మౌనాన్ని మంచి కబురు అనుకోవడం గురించి నేనసలు ఆలోచించలేదు.

"రోజూ మీ ఆవిడ గొంతు వింటారా అయితే?" అన్నారు నరసింగరావు గారు నవ్వుతూ.

"ఇంటికాడ ఎలాగూ ఇంటన్నాను బాబూ. ఇక్కడ ఇంటే తప్పేటి?"

లక్ష్మణమ్మ ఊరుకుంటుందా! "నిన్న నా నంబరు సూసి కట్ సేసినోడు గదమ్మా ఈయన!"

ఎల్లాజీ అప్పుడు తలెత్తాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు. "ఒసే, నిన్న ఆ ఫోను ఎత్తకపోతే ఇయ్యాల ఈ వల కుట్టీవోడిని కాను" అన్నాడు. "ఇంక నీ గొంతు ఇనకుండా నాను నీల్లలో కాలెట్టను. పో."

లక్ష్మణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు తిరిగింది.

తిరిగొచ్చాక చేసిన మొదటి పని, ఆ మెషిను గడియారాన్ని ఎప్పటికప్పుడు సరిచూసే ఏర్పాటు ఒకటి పెట్టడం. కొత్తింటికి కొత్త చీపురు కొన్నావన్నమాట అన్నారు నరసింగరావు గారు. ఇప్పుడాయన బొట్టు మానిటర్ వెనక పెడతారు. రెండో పని, జాబితాలో ఎల్లాజీ కింద నా నెంబరు చేర్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం గోడ గడియారంలో రెండైంది. కాసేపటికి నా ఫోను మోగింది. నాది మోగిందంటే పైనున్న వాళ్ళందరికీ అందినట్టే.

"రెండయింది. నాను లక్ష్మణమ్మని. ఇయ్యాల సముద్రం మంచిగున్నాది. ఎల్లి రండి."